చిట్టీల ఆఫీసు నుంచి 12 ఛానెళ్ల దాకా: ఈటీవీ ఎలా పెరిగింది, ఎక్కడ చేయి జారింది?

విస్సన్నపేట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను.

ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో ఒకసారి చుట్టూ చూడండి. వంటింట్లో ప్రియ ఆవకాయ సీసా ఉందా? బీరువాలో అమ్మ దాచిన మార్గదర్శి చిట్టీ పాస్‌బుక్ ఉందా? గుమ్మం దగ్గర ఈనాడు పేపరు, హాల్లో టీవీలో జబర్దస్త్, చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో ఫిల్మ్ సిటీ ముందు దిగిన ఫోటో... వీటిలో కనీసం రెండైనా దొరుకుతాయి. ఇవన్నీ ఒకే ఇంటి సరుకు అని మనందరికీ తెలుసు. కానీ ఒక చిట్టీల కంపెనీకి పచ్చళ్ళతో పనేంటి, పచ్చళ్ళ కంపెనీకి శాటిలైట్‌తో పనేంటి అని ఎప్పుడైనా ఆలోచించారా?

ఇవాళ్టి టాపిక్ అదే. ఈటీవీ కథ. అమెరికా టీవీ కంపెనీల మీద మనం బోలెడు వీడియోలు చూస్తాం. సీఎన్ఎన్ ఎలా పుట్టింది, డిస్నీ వాళ్ళు ఏబీసీని ఎందుకు కొన్నారు, ఇలాంటివి. మన పాత కృష్ణా జిల్లా వాడు మొదలెట్టిన కంపెనీ కథ మాత్రం సగం సగమే తెలుసు. అది కూడా రాజకీయం వైపు నుంచే. ఒక పార్టీ వాళ్ళని అడిగితే దేవుడు అంటారు, ఇంకో పార్టీ వాళ్ళని అడిగితే ఇంకోటి అంటారు. ఈ వీడియోలో ఆ రెండూ పక్కన పెడదాం. వ్యాపారం ఎలా నడిచింది అన్నది చూద్దాం. చివర్లో దీనికీ మన ఊరికీ ఉన్న లింకు చెప్తాను. అసలు ఈ వీడియో చేసింది దానికోసమే.

మొదలు: చిట్టీ

చెరుకూరి రామోజీరావు గారు 1936 నవంబర్ 16న పెదపారుపూడిలో పుట్టారు. గుడివాడ దగ్గర. అటు డెల్టా, ఇటు మనది మెట్ట, కానీ పాత జిల్లా ఒకటే. రైతు కుటుంబం. 1962లో హైదరాబాద్‌లో మార్గదర్శి చిట్ ఫండ్ మొదలెట్టారు. మొత్తం గ్రూపుకి వేరు ఇదే.

చిట్టీ ఎలా పనిచేస్తుందో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తెలిసినంత ఎంబీఏ వాళ్ళకి కూడా తెలీదు. అయినా ఒక లెక్క చెప్తాను. 50 మంది, నెలకి 2,000 చొప్పున. నెలకి లక్ష పోగవుతుంది. వేలంపాటలో ఒకాయన 30,000 వదులుకుని 70,000 తీసుకెళ్తాడు. ఆ 30,000లో లక్ష మీద 5 శాతం, అంటే 5,000 కంపెనీ కమీషన్. మిగిలిన 25,000 యాభై మందికి పంచితే తలా 500. ఆ నెల చేతినుంచి పెట్టాల్సింది 1,500 అన్నమాట.

ఇక్కడ గమనించండి. కంపెనీ సంపాదన ఆ కమీషన్ మాత్రమే. చిన్న మొత్తమే, కానీ ప్రతి నెలా వస్తుంది, ఎండొచ్చినా వానొచ్చినా వస్తుంది. దానికన్నా పెద్దది ఇంకోటుంది. నెలనెలా జనం ఆఫీసుకొచ్చి డబ్బు కట్టి రసీదు తీసుకెళ్తున్నారు. అంటే నమ్మకం. బ్యాంకు మేనేజర్ ఎదుట కూర్చోవడానికి భయపడే మధ్యతరగతి మనిషి చిట్టీల ఆఫీసులో ధైర్యంగా కూర్చుంటాడు. ఆ నమ్మకం మీద తర్వాత ఏ వ్యాపారం పెట్టినా మొదటి కస్టమర్‌ని వెతుక్కోవాల్సిన పని లేదు.

1969లో అన్నదాత అనే వ్యవసాయ పత్రిక వచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అప్పటి పత్రికలు ఎక్కువగా పట్నం వాళ్ళ కోసం, చదువుకున్న వాళ్ళ కోసం. రైతుకి ఏ పురుగుకి ఏ మందు కొట్టాలి, ఏ విత్తనం ఎప్పుడు వేయాలి అని తెలుగులో, అర్థమయ్యే తెలుగులో రాస్తే డబ్బిచ్చి కొంటాడు అని ఆ పత్రిక రుజువు చేసింది. ఆ పాఠం తర్వాత అన్నింటిలోనూ వాడుకున్నారు.

పేపరు: పొద్దున్నే గుమ్మం ముందు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. ఎందుకు విశాఖ? హైదరాబాద్ కాదు, పేపర్లకి పెట్టింది పేరైన విజయవాడా కాదు. ఎందుకంటే అప్పటికి విశాఖలో పెద్ద తెలుగు దినపత్రిక ఏదీ అచ్చయ్యేది కాదు. విజయవాడలో అచ్చయి అక్కడికి చేరేసరికి పొద్దెక్కేది. ఈనాడు ఏం చేసింది? తెల్లారకముందే ఇంటి గుమ్మం ముందు పేపరు పడేసింది. అంతే.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కొత్త ఫీచర్ ఏమీ కాదు, లేటెన్సీ తగ్గించారు. అదే వార్త, ఆరు గంటల ముందు. రోజూ కాఫీ టైముకి వచ్చే పేపరుని మధ్యాహ్నం వచ్చే పేపరు ఎలా ఓడిస్తుంది చెప్పండి?

తర్వాత 1975లో హైదరాబాద్, 1978లో విజయవాడ. ఒక్కో చోట ప్రెస్సు పెట్టుకుంటూ వెళ్ళారు. ఒక చోట అచ్చేసి రాష్ట్రమంతా పంపడం కాకుండా, జనం ఉన్న చోటికి మిషన్‌ని తీసుకెళ్ళడం.

అసలు దెబ్బ 1989లో. జిల్లా ఎడిషన్లు. మెయిన్ పేపర్‌తో పాటు సగం సైజులో జిల్లా టాబ్లాయిడ్. మనం చిన్నప్పుడు మెయిన్ పేపరు నాన్నకి వదిలేసి లాక్కుని చదివేవాళ్ళం చూడండి, అదే. మా ఊళ్ళో కుళాయి రావట్లేదు, ఫలానా స్కూల్ పిల్లాడు కబడ్డీలో సెలెక్ట్ అయ్యాడు, తిరువూరు బస్టాండ్‌లో గోతులు. ఇలాంటివి హైదరాబాద్ నుంచి వచ్చే పేపర్లో ఎవడు వేస్తాడు? తన ఊరి పేరు పేపర్లో పడితే ఆ ఊర్లో ఆ రోజు పేపరు మిగలదు.

కానీ జిల్లా ఎడిషన్‌ని వార్తల వైపు నుంచే చూస్తే సగమే అర్థమవుతుంది. రెండో సగం యాడ్స్. తిరువూరులో బట్టల కొట్టు ఉన్నాయన రాష్ట్రం మొత్తానికి యాడ్ ఇవ్వలేడు. ఇచ్చినా శ్రీకాకుళం వాళ్ళొచ్చి ఆయన దగ్గర చీరలు కొనరు. జిల్లా పేజీ వచ్చాక ఆయన జిల్లా వరకే డబ్బు కడితే చాలు. కోచింగ్ సెంటర్, నర్సింగ్ హోమ్, కళ్యాణ మండపం, విత్తనాల డీలరు... అప్పటిదాకా పేపర్లో యాడ్ అనే మాటే ఎత్తని వాళ్ళంతా కొత్త కస్టమర్లు అయ్యారు. ఆ చిన్న యాడ్ల డబ్బే మండలానికో విలేకరిని పెట్టింది. ఆ విలేకరికి పెద్ద జీతం ఉండదు. కంట్రిబ్యూటర్ అంటారు, రాసినదాన్ని కొలిచి ఇచ్చే లైన్ ఎకౌంట్. ఆ కష్టం గురించి వేరే వీడియో చేయాలి. అయినా సరే, మండలంలో ఏం జరిగినా రాయడానికి ఒక మనిషి ఉన్నాడు అన్నది ఆ రోజుల్లో చాలా పెద్ద మార్పు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

పేపరుకి రాజకీయం అంటుకుంది కూడా. 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు, 1983 జనవరిలో గెలిచారు. ఆ ఎన్నికల్లో ఈనాడు ఎటువైపు ఉందో దాచుకోలేదు. 90లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని భుజానికెత్తుకుంది. అంటే పేపరు బలం ఏంటో అందరికీ తెలిసింది. బలం తెలిస్తే స్నేహితులూ పెరుగుతారు, శత్రువులూ పెరుగుతారు. దీని బిల్లు తర్వాత వచ్చింది.

టీవీ ఎందుకు పెట్టారు?

80లలో ఇంకో రెండు అడుగులు పడ్డాయి. 1980లో ప్రియ ఫుడ్స్. తర్వాత ఉషాకిరణ్ మూవీస్. 1984లో జంధ్యాల గారి శ్రీవారికి ప్రేమలేఖ, 1985లో మయూరి, ప్రతిఘటన. పెద్ద హీరోలు లేకుండా కథ మీద తీసిన సినిమాలు. 2000లో చిత్రం, నువ్వే కావాలి దాకా అదే ఫార్ములా. కొత్త మొహాలు, తక్కువ బడ్జెట్, మంచి పాటలు. మీరు టీనేజ్‌లో చూసి ఉండకపోవచ్చు, మీ అక్కావాళ్ళని అడగండి.

ఇప్పుడు 1995. అప్పటిదాకా టీవీ అంటే దూరదర్శన్. ఆ ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ప్రసారాల కేసులో పెద్ద తీర్పు ఇచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండకూడదు అని. అదే నెలలో జెమిని టీవీ వచ్చింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అప్పట్లో ఒక తమాషా ఏంటంటే, ప్రైవేట్ ఛానెళ్ళకి మన గడ్డ మీద నుంచి శాటిలైట్‌కి సిగ్నల్ పంపే అనుమతి లేదు. మన ప్రోగ్రాం వేరే దేశం నుంచి పైకెళ్ళి మళ్ళీ మన ఇంటి డిష్‌లో పడాలి. ప్రైవేట్ వాళ్ళు ఇక్కడి నుంచే అప్‌లింక్ చేసుకోవచ్చు అనే పాలసీ 2000లో కానీ పూర్తిగా రాలేదు.

ఛానెల్ పెట్టడం ఒక ఎత్తు. రోజుకి 24 గంటలు నింపడం ఇంకో ఎత్తు. ఇక్కడే పాత వ్యాపారాలన్నీ పనికొచ్చాయి. అన్నదాత పత్రిక ఉంది కదా, పొద్దున్నే అన్నదాత ప్రోగ్రాం అయింది. ఈనాడు విలేకరుల వ్యవస్థ ఉంది, తొమ్మిది గంటల వార్తలు అయ్యాయి. సినిమా కంపెనీ ఉంది, సినిమాలు అయ్యాయి. పచ్చడి యాడ్, చిట్టీ యాడ్ సొంత ఇంట్లోవే. మేం కోడ్‌లో ఏమంటామంటే, ఒక ఫంక్షన్ అవుట్‌పుట్ ఇంకో ఫంక్షన్‌కి ఇన్‌పుట్. ఇక్కడ ఒక కంపెనీ తయారుచేసింది ఇంకో కంపెనీకి ముడిసరుకు.

1996లో బాలు గారితో పాడుతా తీయగా మొదలైంది. ఊళ్ళల్లో పాడే పిల్లల్ని తీసుకొచ్చి స్టేజీ ఎక్కించి, తప్పు పాడితే తిట్టకుండా ఎక్కడ తప్పిందో చెప్పే ప్రోగ్రాం. 2020లో బాలు గారు పోయాక కూడా, కొడుకు చరణ్ గారు నడిపిస్తున్నారు. తెలుగు టీవీలో ఇంతకాలం నిలిచిన ప్రోగ్రాం చూపించమంటే చాలామంది దాన్నే చూపిస్తారు.

అదే 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. సుమారు 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే పెద్ద స్టూడియో కాంప్లెక్స్ అని గిన్నిస్‌లో ఎక్కింది. దీన్ని అందరూ షోకు అనుకున్నారు. లెక్క వేరే. సినిమా తీసేవాడికి సెట్టు, లైటు, కెమెరా, ల్యాబు, హోటల్, భోజనం అన్నీ ఒకే గేటు లోపల. షూటింగ్ లేని రోజు అదే సెట్టు టూరిస్టుకి టికెట్టు. సొంత ఛానెల్‌కి అదే స్టూడియో. ఒక రూపాయి ఖర్చుని మూడు చోట్ల రాబట్టడం అంటే ఇది. డైవర్సిఫికేషన్ అనే పెద్ద మాటకి మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

12 ఛానెళ్ళు

2000 నుంచి 2002 లోపల ఒక ఊపు ఊపారు. బంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ, ఒరియా. ఉర్దూ. ఉత్తరాదిలో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, బీహార్ కోసం విడివిడిగా. 2003 డిసెంబర్‌లో ఈటీవీ2. కలిపితే 12. అన్నింటికీ గుండెకాయ హైదరాబాద్ శివార్లలో ఫిల్మ్ సిటీ. ఒక్కసారి ఊహించండి. పాట్నాలో బీహార్ వార్తలు చూస్తున్న మనిషికి ఆ బులెటిన్ హయత్‌నగర్ అవతల నుంచి వస్తోందని తెలీదు.

ఐడియా ఏంటంటే ఈనాడు జిల్లా ఎడిషనే, దేశం సైజులో. ఢిల్లీ హిందీ ఛానెళ్ళకి బీహార్ అంటే ఎన్నికలప్పుడే గుర్తొస్తుంది. రోజూ బీహార్ జిల్లాల వార్తలు ఇచ్చేవాడు ఒకడుంటే అక్కడివాళ్ళు చూస్తారు. చూశారు కూడా. ఐడియాలో లోపం లేదు. కానీ ఒకేసారి అన్ని భాషల్లో ఛానెళ్ళంటే నీళ్ళలా డబ్బు పోయాలి. కొత్త ఛానెల్ లాభంలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు నడపడానికి పెట్టుబడి ఎక్కడిది?

ఎక్కడ చేయి జారింది?

ఇక్కడ జాగ్రత్తగా చెప్తాను. మార్గదర్శి చిట్ ఫండ్ వేరు, మార్గదర్శి ఫైనాన్షియర్స్ వేరు. రెండోది ఉమ్మడి కుటుంబ సంస్థ పేరుతో జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంది. మొత్తం సుమారు 2,600 కోట్లు. కంపెనీ కాని సంస్థ ఇలా డిపాజిట్లు తీసుకోవడం రిజర్వ్ బ్యాంక్ చట్టం ప్రకారం కుదరదని 2006లో అప్పటి రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్ కుమార్ గారు ఫిర్యాదు చేశారు. అప్పటి వైఎస్ రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం విచారణ మొదలెట్టింది. ఆ నిబంధన మాకు వర్తించదు, డిపాజిటర్లందరికీ డబ్బు తిరిగి ఇస్తాం అని సంస్థ వాదన. రాజకీయ కక్ష అని ఒక వైపు, చట్టం అందరికీ ఒకటే అని ఇంకో వైపు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఏళ్ళ తరబడి నడిచింది.

తీర్పు చెప్పడం నా పని కాదు. వ్యాపారం వైపు నుంచి ఒక్కటే చూడండి. డిపాజిట్ అంటే జనం ఎప్పుడైనా వెనక్కి అడగగలిగిన డబ్బు. ఛానెల్, ఫిల్మ్ సిటీ అంటే పదేళ్ళకి పండే తోట. మామిడి మొక్క నాటడానికి నెల గడువుతో చేబదులు తెచ్చుకున్నట్టు ఉంటుంది. మన వైపు తోటలు పెట్టినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. కాపుకి రాకముందే అప్పులోడు గుమ్మంలో నిలబడితే అమ్మాల్సింది తోటే.

అదే జరిగింది. 2008లో గ్రూపు కంపెనీలో బయటివాళ్ళ పెట్టుబడి వచ్చింది. ఆ వాటాలు తిరిగి తిరిగి రిలయన్స్ చేతికి చేరాయి. 2012 జనవరిలో ప్రకటన వచ్చింది. టీవీ18 కంపెనీ సుమారు 2,100 కోట్లతో ఈటీవీ ఛానెళ్ళలో వాటా కొంటోందని. ఐదు వార్తా ఛానెళ్ళు పూర్తిగా. కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒరియా వినోద ఛానెళ్ళలో సగం. తెలుగు ఛానెళ్ళు రెండింటిలో 24.5 శాతం. 2014కి డీల్ పూర్తయింది. 2015లో ఆ ఐదు వినోద ఛానెళ్ళ పేర్లు కలర్స్ అయ్యాయి. వార్తా ఛానెళ్ళు న్యూస్18 అయ్యాయి. పేరు కూడా మిగల్లేదు.

తెలుగు మాత్రం చేతిలో ఉంది. దాని మీదే మళ్ళీ కట్టుకున్నారు. 2013లో జబర్దస్త్. అది మల్లెమాల వాళ్ళు తీసేది, ఈటీవీలో వచ్చేది. తర్వాత ప్లస్, సినిమా, అభిరుచి, లైఫ్ అని చిన్న ఛానెళ్ళు. 2019లో ఫోన్ కోసం ఈటీవీ భారత్, 13 భాషల్లో. 2021లో పిల్లలకి బాలభారత్. తర్వాత ఈటీవీ విన్ యాప్. 2024 సంక్రాంతికి 90స్ సిరీస్ చూసి మీలో సగం మంది మీ నాన్నని తలుచుకున్నారు, అది ఆ యాప్‌లోదే. 2024 జూన్ 8న రామోజీరావు గారు కన్నుమూశారు.

అమెరికాలో ఇదే సినిమా

టెడ్ టర్నర్ కథ పక్కన పెట్టి చూడండి, భలే కలుస్తుంది. అట్లాంటాలో తండ్రిది రోడ్డు పక్క హోర్డింగుల వ్యాపారం. 1970లో ఒక నష్టాల్లో ఉన్న చిన్న టీవీ స్టేషన్ కొన్నాడు. 1976లో దాన్ని శాటిలైట్ ఎక్కించి దేశమంతా చూపించాడు. అదే ఏడాది అట్లాంటా బేస్‌బాల్ జట్టుని కొనేశాడు. ఎందుకు? ఆట హక్కులు కొనే బదులు జట్టునే కొంటే మ్యాచ్‌లన్నీ తన ఛానెల్‌కే. మన ఫిల్మ్ సిటీ లెక్కే కదా? 1980 జూన్ 1న సీఎన్ఎన్. 24 గంటలు వార్తలా, ఎవడు చూస్తాడు అని నవ్వారు.

1986లో ఎంజీఎం సినిమా స్టూడియో కొన్నాడు. అప్పు మోయలేక స్టూడియో వెనక్కి అమ్మేసి పాత సినిమాల లైబ్రరీ మాత్రం ఉంచుకున్నాడు. ఆ లైబ్రరీతోనే 1988లో టీఎన్‌టీ ఛానెల్. 1992లో కార్టూన్ నెట్‌వర్క్, మనందరి చిన్నతనం. కానీ ఆ అప్పు నుంచి బయటపడటానికి కేబుల్ కంపెనీలకి వాటా ఇచ్చాడు. 1996లో టైమ్ వార్నర్‌లో కలిపేశాడు. 2001లో అది ఏఓఎల్‌తో కలిసింది, టర్నర్ చేతిలో పగ్గాలు లేకుండా పోయాయి. కట్టినవాడు ఒకడు, చివరికి నడిపేవాడు ఇంకొకడు.

రెండు కథల్లోనూ పెరగడం తప్పు కాదు. ఒకదానికొకటి పనికొచ్చే వ్యాపారాలు పెట్టినంతకాలం రెండూ బాగున్నాయి. ఆదాయం కన్నా అప్పు ముందు పరిగెత్తినప్పుడే తలుపు బయటివాళ్ళకి తెరుచుకుంది.

సరే, మనకేంటి?

ఇప్పుడు అసలు విషయం. తెలుగులో పెద్ద వినోద ఛానెళ్ళు నాలుగు అనుకుందాం. జెమిని చెన్నై సన్ గ్రూపుది. జీ తెలుగు జీ వాళ్ళది. మా టీవీని 2015లో స్టార్ కొంది, స్టార్ మా అయింది. 2024 నవంబర్‌లో రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలిసి జియోస్టార్ అయింది. అంటే మన స్టార్ మా, ఒకప్పటి ఈటీవీ కన్నడ అయిన కలర్స్ కన్నడ ఇవాళ ఒకే గూట్లో ఉన్నాయి. నాలుగింటిలో పగ్గాలు తెలుగు గడ్డ మీద ఉన్నది ఈటీవీ ఒక్కటే.

బయటివాళ్ళది అయితే తప్పా? ప్రోగ్రాంలు బాగానే ఉన్నాయి కదా? ఉన్నాయి, నేనూ చూస్తాను. బిగ్ బాస్‌కి ఓనర్ ఎవరైతే మనకేంటి. కానీ వార్తకి, సమాచారానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ముంబైలో కూర్చున్న యాడ్ కంపెనీకి విస్సన్నపేట ఒక పిన్ కోడ్. తెలుగు రాష్ట్రాలు మొత్తం కలిపి ఒక మార్కెట్. మా ఊళ్ళో ఏం జరిగినా ఆ రేటింగ్‌లో తేడా రాదు.

అలా అని సొంతవాళ్ళుంటే చాలు అని కూడా నేను అనను. సొంతవాళ్ళ పేపరుకి ఒక పార్టీ మీద ప్రేమ ఉంటే మనం చదివే వార్తకి ఆ రంగు అంటుకుంటుంది. మన రాష్ట్రంలో ఒక పేపరు, ఒక ఛానెల్ చూస్తే ఒక ప్రపంచం, ఇంకో పేపరు చూస్తే ఇంకో ప్రపంచం. అది మీకు తెలుసు. ఓనర్ ఊరివాడు అవ్వడం ఒక్కటే మందు కాదు.

మరి ఏది? అందుకే జిల్లా ఎడిషన్ గుర్తుపెట్టుకోమన్నాను. మండలం వార్తని బతికించింది తిరువూరు బట్టల కొట్టు యాడ్. ఇవాళ ఆ కొట్టాయన యాడ్ ఎక్కడిస్తున్నాడు? ఇన్‌స్టాగ్రామ్‌లో. కోచింగ్ సెంటర్ వాళ్ళు యూట్యూబ్‌లో. కళ్యాణ మండపం గూగుల్ మ్యాప్స్‌లో. వాళ్ళ తప్పేం లేదు, చవగ్గా దొరుకుతోంది, సరిగ్గా తిరువూరు చుట్టుపక్కల వాళ్ళకే చూపిస్తోంది. 1989లో జిల్లా పేజీ చేసిన పనే ఫోన్ ఇంకా బాగా చేస్తోంది. తేడా ఒక్కటే. ఆ రోజు ఆ యాడ్ డబ్బులో కొంత మండలంలో ఒక విలేకరికి చేరేది. ఇవాళ ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా మన మండలంలో వార్త రాసేవాడికి చేరదు.

ఇది ఎవరికి నష్టమో ఒక ఉదాహరణ చెప్తాను. వేసవిలో మన వైపు తోటల నుంచి బంగినపల్లి, కలెక్టర్ కాయలు లారీలకెత్తుకుని నున్న మార్కెట్‌కి వెళ్తాయి. ఆ రోజు అక్కడ టన్ను ఎంత పలికింది అన్నది రైతుకి బయల్దేరక ముందే తెలియాలి. రీల్స్‌లో ఆవకాయ పెట్టే వీడియోలు వెయ్యి వస్తాయి, ఆ రోజు రేటు మాత్రం రాదు. వాట్సాప్‌లో వచ్చేది నిజమో, దళారి వదిలిన పుకారో ఎవరు తేలుస్తారు? మార్కెట్‌కి వెళ్ళి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి, రాసి, కింద తన సంస్థ పేరు పెట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. అన్నదాత ఆ పని చేసింది, జనం డబ్బిచ్చి కొన్నారు. రేపు ఆ పని ఎవరు చేస్తారన్నదే నా ప్రశ్న.

మీలో చాలామంది ఛానెల్ పెడదామనుకుంటున్నారు, కొందరు ఆల్రెడీ పెట్టేశారు. బీటెక్ చేసి ఉద్యోగం వదిలేసి వీడియోలు చేస్తున్న నాలాంటి వాళ్ళూ ఉన్నారు. ఈ కథ నుంచి మనం తీసుకోగలిగినవి నాలుగు చెప్తాను.

ఒకటి, జనం అప్పటికే ఆగి ఎదురుచూస్తున్న చోట మొదలెట్టండి. విశాఖలో పేపరు లేటుగా వస్తోందని చూసినట్టు. మీ మండలంలో ఏది లేటుగా వస్తోందో చూడండి. బస్సు టైమా, మార్కెట్ రేటా, నోటిఫికేషన్లా?

రెండు, రెండో పని మొదటి పనికి సాయం చేసేలా ఉండాలి. అన్నదాత పత్రిక నుంచి అన్నదాత ప్రోగ్రాం వచ్చినట్టు. వ్యూస్ వస్తున్నాయని సినిమా రివ్యూ, క్రికెట్, జాతకం అన్నీ పెడితే అది డైవర్సిఫికేషన్ కాదు, సంత.

మూడు, వెంటనే తిరిగి ఇవ్వాల్సిన డబ్బుతో ఏళ్ళు పట్టే పని పెట్టకండి. క్రెడిట్ కార్డు మీద కెమెరా కొనేవాళ్ళు ఈ మాట రెండుసార్లు వినండి.

నాలుగు, దారి ఎవరిదో చూసుకోండి. ఈనాడుకి సొంత ప్రెస్సు, సొంత పేపరు బండ్లు, సొంత ఏజెంట్లు ఉండేవాళ్ళు. పాఠకుడికీ పేపరుకీ మధ్య ఇంకొకడు లేడు. మనకి మధ్యలో యూట్యూబ్ ఉంది. రేపు అల్గారిథం మారితే నా వీడియో మీకు కనిపించకపోవచ్చు, నేనేం చేయలేను. అందుకే ప్రతి ఎపిసోడ్‌నీ ఇలా రాతలో మన సొంత సైట్‌లో కూడా పెడుతున్నాం. పెద్ద గొప్ప కాదు, ఇది మన చిన్న ప్రెస్సు అనుకోండి.

చూసేవాళ్ళకి కూడా ఒక మాట. మీ మండలంలో ఎవరో ఒకరు బండేసుకుని తిరిగి వార్త రాస్తూనే ఉంటారు. పేపర్ కంట్రిబ్యూటర్ కావచ్చు, చిన్న యూట్యూబ్ ఛానెల్ కావచ్చు. అది నిజంగా వెళ్ళి అడిగి చెప్తున్నదా, ఎవరో ఇచ్చిన కవరు చూసి చెప్తున్నదా గమనించండి. మంచిదైతే చందా కట్టండి, పది మందికి పంపండి. మీ షాపు యాడ్ ఏడాదికి ఒకసారైనా వాళ్ళకివ్వండి. ఈనాడు టాబ్లాయిడ్‌ని నిలబెట్టింది హైదరాబాద్ పెద్దలు కాదు, చిన్న టౌన్ల షాపులవాళ్ళు.

చివరిగా ఒకటి చెప్పండి. మీ మండలంలో జరిగిన విషయం, ఏ టీవీలోనూ రాకుండా పోయింది ఏదైనా ఉందా? ఊరి పేరుతో సహా రాసి పంపండి. నేను వెళ్ళగలిగినంత దూరంలో ఉంటే వెళ్ళి, అడిగి, ఒక ఎపిసోడ్ చేస్తాను.

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను మరి.